పాటను వైద్యంగా వాడుకోవాలంటే: నిద్రకి, నడకకి, ఆగిపోయిన మాటకి

వాట్సాప్‌లో ఒక లిస్టు తిరుగుతూ ఉంటుంది, ఈ రాగం వింటే బీపీ తగ్గుతుంది, ఆ రాగం వింటే షుగర్ పోతుంది అని. చెన్నై వేళచేరిలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకే ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. దాన్ని నమ్మి మాత్రలు మాత్రం మానకండి. పాట వల్ల మేలు జరగడం నిజమే, కాకపోతే రాగం పేరు కన్నా పాట ఎంత నిదానంగా ఉంది, అది మీకెంత ఇష్టం, దేనికోసం వింటున్నారు అన్నవే ముఖ్యం.

నిద్ర పట్టకపోతే పడుకునే ముందు ముప్పావుగంట పాటు నిమిషానికి 60 నుంచి 80 దరువులుండే పాటలు సన్నగా పెట్టుకోండి. వీణో వేణువో అయితే ఇంకా మంచిది, సాహిత్యం ఉంటే మనసు దాని వెంట పోతుంది. లాలిపాటలకి నీలాంబరి రాగం మంచిదంటారు, అయినా మీకు పాత సినిమా పాటకే కునుకు పడుతుందంటే అదే వినండి. ఒక్క రాత్రికే తేల్చేయకుండా మూడు వారాలు చూడండి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి టైమర్ పెట్టుకోవాలి, లేకపోతే సరిగ్గా కళ్ళు మూతలు పడే వేళకి నగల షాపు ప్రకటన మోగుతుంది.

ఇక మాట సంగతి. మా పెద్దమ్మది పెరంబూరు. డిసెంబర్ వచ్చిందంటే మైలాపూర్ సభల్లో ఫ్రీ కచేరీలకి బస్సెక్కి పోయేది (క్యాంటీన్ కోసం కూడా, ఆవిడ ఒప్పుకోదు). త్యాగయ్య కీర్తనలు తమిళులు పాడినా మన తెలుగే కదా, అవన్నీ ఆవిడకి నోటికొచ్చు. పక్షవాతంతో కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి, మనం చెప్పేది అర్థమవుతుంది కానీ నోరు పెగలదు. అలాంటి మనిషి ఒకరోజు టీవీలో కచేరీ వస్తుంటే పల్లవి మొత్తం పాడేసింది! ఇంట్లో అందరూ దేవుడి మహిమ అన్నారు. చాలామందిలో మాటని నడిపేది ఎక్కువగా మెదడు ఎడమ భాగం, పాటకి కుడి భాగం కూడా పనిచేస్తుంది, అందుకే మాట పోయినా పాట మిగిలిపోవచ్చు.

దీని ఆధారంగానే 1973లో అమెరికాలోని బోస్టన్‌లో మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అనే పద్ధతి తయారైంది. అర్థమవుతూ మాట రాని వాళ్ళకే ఇది పనికొస్తుంది, అందరికీ కాదు. ముందు స్పీచ్ థెరపిస్ట్ దగ్గర నేర్చుకుని ఇంట్లో చేయించాలి. రోజూ అవసరమయ్యే చిన్న మాట, ఉదాహరణకి ‘నీళ్ళు కావాలి’, తీసుకుని రెండే స్వరాల్లో పైకీ కిందికీ సాగదీస్తూ పాడాలి, ఒక్కో అక్షరానికి వాళ్ళ ఎడమ చేతిని మెల్లగా తట్టాలి. మొదట మీరు కూనిరాగం తీయండి, తర్వాత ఇద్దరూ కలిసి పాడండి, తర్వాత సగంలో మీరు ఆగిపోయి వాళ్ళని పూర్తి చేయనివ్వండి. అది వచ్చాక ‘ఏం కావాలి?’ అని అడిగి జవాబు పాడించండి, ఆ తర్వాత కొద్దికొద్దిగా రాగం తీసేస్తూ మామూలు మాటలోకి తేవాలి. నెలలు పడుతుంది. కీర్తన మొత్తం పాడినంత మాత్రాన మాట వచ్చేసినట్టు కాదు, మేం అక్కడే పొరబడి రెండు నెలలు పోగొట్టుకున్నాం.

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉండి అడుగు తడబడేవాళ్ళకి దరువే ఊతం. అర నిమిషంలో ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి రెట్టింపు చేయండి, ఒకే వేగంతో దరువు కొట్టే మెట్రోనోమ్ యాప్‌లో ఆ అంకె పెట్టి దరువుకో అడుగు వేయించండి. అలవాటయ్యాక ఫిజియోథెరపిస్ట్‌ని అడిగి కొంచెం పెంచొచ్చు. పక్కన మనిషి ఉండాల్సిందే.

హెడ్‌ఫోన్స్ వాడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. లోకల్ ట్రైన్ రొదని మించి పెంచారంటే దాటేసినట్టే. మనసు బాగాలేనప్పుడు విషాద గీతాలు కొందరికి ఊరట, కొందరిని ఇంకా ముంచుతాయి, విన్నాక మనసు ఇంకా బరువెక్కితే ఆపేయండి.

మ్యూజిక్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఎక్కడ శిక్షణ తీసుకున్నారు, మా డాక్టర్‌తో మాట్లాడతారా, నెల తర్వాత మార్పుని దేన్ని బట్టి చూస్తారు అని అడగండి. మందులు అక్కర్లేదు అన్నారో, అక్కడినుంచి లేచి వచ్చేయండి.