హాలిడే క్లబ్ మీటింగ్‌కి పోతున్నారా? మొహమాటం ఇంట్లో పెట్టి పోండి

హన్మకొండలో ఏ పెట్రోల్ బంకు దగ్గరో, ఎగ్జిబిషన్ గేటు దగ్గరో పేరు, ఫోన్ నంబరు రాసి ఒక కూపన్ డబ్బాలో వేసి మర్చిపోయి ఉంటారు. కొన్ని రోజులకు ఫోన్ వస్తుంది. "సార్, లక్కీ డ్రాలో మీ నంబర్ వచ్చింది, ఆదివారం మేడంతో కలిసి హోటల్‌కి వచ్చి గిఫ్ట్ తీసుకోండి, గంటసేపే." డ్రా అయితే గిఫ్ట్ ఇంటికి పంపొచ్చు కదా, మేడం ఎందుకు? ఎందుకంటే అక్కడ అమ్మేది హాలిడే క్లబ్ మెంబర్‌షిప్, అంటే టైమ్‌షేర్. ఇప్పుడు లక్షల్లో కడితే పదేళ్లో పాతికేళ్లో ఏడాదికి ఇన్ని రోజులని వాళ్ల రిసార్టుల్లో ఉండొచ్చు. భర్త ఒక్కడే వస్తే "ఇంట్లో అడిగి చెప్తా" అని లేచిపోతాడు, అందుకే ఇద్దరినీ రమ్మంటారు. ఈ వ్యాపారమంతా మోసమని నేననను, తీసుకుని బాగానే వాడుకునేవాళ్లూ ఉన్నారు. నా గొడవంతా అమ్మే పద్ధతి గురించే.

పోకపోతే అన్నిటికన్నా సుఖం. మేం పోయాం, నక్కలగుట్టలో ఒక హోటల్‌కి, కుక్కర్ ఇస్తారేమో అన్న ఆశతో, అబద్ధమెందుకు.

మీరూ పోయేట్టయితే బయల్దేరే ముందే భార్యాభర్తలు ఒక మాట అనుకోండి: రేటు ఎంత తగ్గించినా ఈరోజు సంతకం పెట్టం, రూపాయి కట్టం. "బాగుంటే చూద్దాం" అనుకుని పోతే అయిపోయినట్టే. కార్డులు ఇంట్లో పెట్టండి. ఫోన్‌లో యూపీఐ ఎలాగూ ఉంటుంది, కనీసం పదివేలు టోకెన్ కొట్టమంటారు, అదీ వద్దు. లోపలికి పోగానే ఒక ఫారం ఇస్తారు, జీతమెంత, సొంతిల్లా, ఏ క్రెడిట్ కార్డులున్నాయి అని. అది మీ జేబు లోతు చూసుకోవడానికి, ఖాళీగా వదిలేయండి.

తర్వాత ఒక కుర్రాడు వచ్చి కూర్చుంటాడు. "మీది పరకాలా సార్? మా అమ్మమ్మ వాళ్లదీ అటే." చాయ్ వస్తుంది, పిల్లలకు చాక్లెట్ వస్తుంది. పోయినేడు ఎక్కడికి పోయారు, ఎంతయింది అని అడిగి కాగితం మీద రాస్తాడు, దాన్ని ఏటేటా పెంచుకుంటూ పాతికేళ్లకు లెక్కేసి ఇరవై లక్షలు చేసి, పక్కన వాళ్ల నాలుగు లక్షల ఎనభై వేలు రాస్తాడు. మధ్యమధ్యలో మైకులో ఎవరో కొన్నారని చప్పట్లు. ఆ కాగితం మీద రాయనిది ఒకటుంది, ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్. మీరే లెక్క చూడండి. మెంబర్‌షిప్ రెండున్నర లక్షలనుకుందాం, అదే డబ్బు 7 శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 17,500 వడ్డీ. మెయింటెనెన్స్ 15,000 అనుకోండి. కలిపితే 32,500, ఏడాదికి ఏడు రాత్రులనుకుని పంచితే రాత్రికి 4,600 పైనే, తిండి, ప్రయాణం వేరే. ఆ రేటుకు మామూలుగానే మంచి రూం దొరుకుతుంది, పైగా అసలు మీ దగ్గరే ఉంటుంది. ఇక దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవుల్లో అందరూ అడిగేదీ అవే రోజులు. అప్పుడు రూం దొరుకుతుందని ఒప్పందంలో రాసి ఉందా అని అడగండి, నోటి మాట లెక్కలోకి రాదు.

అసలు చిక్కు ఇక్కడే, మనం కారణం చెప్తాం. నేను పైసలు లేవన్నాను, ఈఎంఐ ఉందన్నారు. సెలవు దొరకదన్నాను, మీ తమ్ముడికి గిఫ్ట్ ఇవ్వొచ్చన్నారు. మా నాన్నను అడగాలన్నాను, "ఈ వయసులో కూడానా సార్" అని నవ్వారు, నాకు రోషమొచ్చింది, దాదాపు అక్కడే పడిపోయేవాణ్ణి. ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర జవాబు ముందే తయారుగా ఉంటుంది. కాబట్టి కారణం చెప్పొద్దు. "మాకొద్దండి" అనండి, ఎందుకంటే "వద్దండి, అంతే" అనండి. అప్పుడు మేనేజర్ వస్తాడు, నాలుగు లక్షల ఎనభై వేలది రెండు తొంభై అవుతుంది, ఇంకాసేపటికి లక్షా నలభై వేలకు చిన్న ప్యాకేజీ ఒకటి బయటికొస్తుంది. ఈరోజే, ఇప్పుడే. కాగితాలివ్వండి, ఇంటికి పోయి చదువుకుంటాం అని అడిగి చూడండి. మాకైతే ఇవ్వలేదు. "మేడంకి ఇష్టమే, సారే ఒప్పుకోవట్లేదు" అని మా ఇద్దరి మధ్య పుల్ల కూడా పెట్టారు. రెండు గంటలు కష్టపడ్డాడు, చాయ్ తాగాం, ఎలా లేస్తాం అనిపిస్తుంది. లేవండి. చాయ్ తాగినందుకు లక్షలు బాకీ పడం. గిఫ్ట్‌గా మాకు మూడు రోజుల రిసార్ట్ వోచర్ ఇచ్చారు, వెనకాల చిన్నక్షరాల్లో నిబంధనలు, ట్యాక్సులు మావే. కుక్కర్ లేదు.

సంతకం పెట్టేసి వచ్చాక ఇది చదువుతున్నారా? ఈరోజే ఒప్పందం తీసి క్యాన్సిలేషన్ నిబంధన చూడండి. కొన్ని కంపెనీలు కొద్ది రోజుల గడువిస్తాయి, ఆ రోజులు దాటకూడదు. మెంబర్‌షిప్ రద్దు చేసి డబ్బు తిరిగివ్వమని ఈమెయిల్ పెట్టి, అదే ఉత్తరం స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచండి. ఫోన్‌లో చెప్తే రుజువుండదు. కార్డు మీద కడితే బ్యాంకుకూ రాతపూర్వకంగా చెప్పండి. స్పందించకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేయండి. దాంతోనూ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. "కోర్టు ముంబైలోనే" అని ఒప్పందంలో ఉన్నా బెదరొద్దు, 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయొచ్చు.

ఇంకొకటి, మెంబర్‌షిప్ ఉన్నవాళ్లకు కొన్నాళ్లకు "మీది అమ్మిపెడతాం, ముందు ట్రాన్స్‌ఫర్ ఛార్జీ కట్టండి" అని కూడా ఫోన్లొస్తాయి. కట్టొద్దు. ఆన్‌లైన్‌లో కట్టేసి మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.