ఇంట్లో ఉండి పెంపుడు జంతువులను చూసుకునేవారికి: శుభ్రత విషయంలో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడలలోని తెలుగు కుటుంబాలవారు పిల్లల దగ్గరికి విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళేటప్పుడు, కుక్కనో పిల్లినో చూసుకోవడానికి ఒక మనిషిని ఇంట్లోనే ఉంచి వెళ్ళడం ఉంది. ఆ పని చేసేవారికి మాట వచ్చేది ఎక్కువగా జంతువు విషయంలో కాదు, ఇంటి శుభ్రత విషయంలోనే.

సమస్య: తిరిగి వచ్చిన యజమాని ముఖం చిట్లించుకుంటారు గానీ, ఏది నచ్చలేదో చెప్పరు.
కారణం: "శుభ్రంగా ఉంచండి" అన్న ఒక్క మాటతో తాళాలు చేతులు మారడమే. ఒక ఇంట్లో ఆ మాటకు ఊడ్చి తుడవడమని అర్థమైతే, మరో ఇంట్లో రోజూ కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టడం కూడా అందులో భాగమే.
పరిష్కారం: తాళాలు తీసుకునే రోజునే యజమానితో కలిసి గదిగదీ తిరగాలి. కుక్కను ఏ గుమ్మం వరకు రానివ్వవచ్చో, పూజగది తలుపు ఎవరు తీయాలో, కార్తీక మాసంలో మాంసం వండని ఇల్లయితే కుక్కకు కోడిమాంసం ఉడికించే పొయ్యి, గిన్నె ఏవో అడిగి రాసుకోవాలి. ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదు. మనసులు నొచ్చుకునేది అక్కడే. సోఫా మీద పాత మరకలుంటే అప్పుడే ఫోటో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపాలి.

సమస్య: ఎన్నిసార్లు తుడిచినా పిల్లి మూత్రం వాసన మళ్ళీ వస్తోంది.
కారణం: ఆ మూత్రంలోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా మారి గచ్చు పగుళ్ళలో, పరుపు దూదిలో ఉండిపోతుంది, అవి నీటిలో సరిగా కరగవు. బరంపురంలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, ముఖ్యంగా వానాకాలంలో, తేమ తగిలినప్పుడల్లా వాసన తిరిగి లేస్తుంది.
పరిష్కారం: తడిని పాతగుడ్డతో అద్ది, చన్నీళ్ళతో తుడిచి, ఎంజైమ్ క్లీనర్ (మూత్రపు మరకను విరగ్గొట్టే ఎంజైమ్‌లున్న ద్రవం) పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచి, దానంతట అదే ఆరనివ్వాలి. ఫినాయిల్ వాడకండి: ఫీనాల్ రకపు పదార్థాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు, తడి నేల మీద నడిచి పాదాలు నాకితే విషం ఒంట్లోకి వెళ్తుంది. మూత్రం మీద బ్లీచింగ్ పోస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమిన్ ఆవిర్లు పుడతాయి. పాలరాయి మీద వెనిగర్ పోస్తే మెరుపు పోతుంది, ఆ నష్టం మీ మీదికే వస్తుంది. మలమూత్రాల ట్రేను రోజూ శుభ్రం చేస్తున్నా పిల్లి బయటే పోస్తుంటే అది రోగలక్షణం కావచ్చు; మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోతే ప్రాణాపాయం కనుక, గంటలు గడవనివ్వకుండా పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్ళి, దారిలోనే యజమానికి ఫోన్ చేయండి.

సమస్య: గోడల మీద పిడుదులు పాకుతున్నాయి.
కారణం: కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు ఇంట్లోనే బతికి, గోడ పగుళ్ళలో గుడ్లు పెడుతుంది.
పరిష్కారం: కుక్కకు వైద్యుడు చెప్పిన మందు వేసి, పగుళ్ళను, కుక్క పడుకునే చోటును శుభ్రం చేయాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నవి వద్దు, అవి పిల్లులను చంపగలవు.

సమస్య: ఊడ్చేకొద్దీ వెంట్రుకలు లేస్తున్నాయి.
పరిష్కారం: పొడి చీపురు పక్కనపెట్టి తడిగుడ్డ వాడాలి, కుక్కను రోజూ పెరట్లో దువ్వాలి.

సమస్య: కుక్కకు భయపడి పనిమనిషి రావడం మానేసింది, అంట్లు పేరుకుపోతున్నాయి.
కారణం: ఆమె వచ్చే వేళకు కుక్క వాకిట్లో విడిగా తిరుగుతుండడమో, కుక్క మలం ఎత్తమని ఆమెకు చెప్పడమో అయి ఉంటుంది.
పరిష్కారం: ఆమె వచ్చేసరికి కుక్కను వేరే గదిలో ఉంచి తలుపు వేయండి. జంతువు మురికి ఎత్తడం మీ పనే గాని ఆమె పని కాదు. ఆమెకు ఒడియా తప్ప మరో భాష రాకపోతే, సైగలతో సరిపెట్టకుండా ఈ ఏర్పాటును యజమానురాలి చేతే ఫోన్‌లో చెప్పించండి.