పాత ట్రక్కుకు కొత్త రేకులు ఎంచుకునేటప్పుడు

నా పాత ట్రక్కుకు మొదట కొన్న ఫెండర్ (చక్రం మీద కప్పే రేకు) చూడటానికి అచ్చం అసలుదానిలాగే ఉంది. తీరా బిగించబోతే బోల్టు రంధ్రాలు అర అంగుళం పక్కకు ఉన్నాయి. అప్పటికే రంగు వేసేశాను, ఇక వెనక్కి ఇవ్వడానికి లేదు. అందుకే రంగు జోలికి వెళ్లకముందే కొత్త రేకును, అంటే ప్యానెల్‌ను, బండికి బిగించి చూడండి. తలుపు, బానెట్ కూడా పెట్టి, మధ్య సందు పైనుంచి కింది దాకా ఒకేలా ఉందో లేదో గమనించండి.

రేకు మందం తప్పకుండా అడగండి. దాన్ని గేజ్ అనే అంకెలో చెబుతారు: 18 గేజ్ ఉక్కు సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ సుమారు 0.9. మీ బండి రేకును తుప్పు పట్టని చోట కొలిచి, దానికి దగ్గరగా ఉన్నదే తీసుకోండి. పలచని రేకు వెల్డింగ్ వేడికి తొందరగా వంకర పోతుంది.

వాడిన అసలు ప్యానెల్ దొరికితే, చిన్న సొట్టలున్నా నేను దానికే మొగ్గుతాను. దాని వంపులు, అంచులు చక్కగా కుదురుతాయి. కానీ వెళ్లేటప్పుడు అయస్కాంతం తీసుకెళ్లండి. పలచని గుడ్డ చుట్టి రేకు మీద జరపండి. పట్టు సడలిన చోట కింద సొట్టలు పూడ్చే పుట్టీ దట్టంగా ఉందని అనుమానించాలి. అంచు మడతల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, తుప్పు దాక్కునేది అక్కడే.

తలుపు అడుగున నాలుగు అంగుళాలే పాడైతే ప్యాచ్ (ఆ మేరకు అతికే రేకు ముక్క) చాలు. ఫైబర్‌గ్లాస్ ప్యానెల్ తేలిక, తుప్పు పట్టదు, కానీ ఉక్కుకు వెల్డ్ కాదు. కొత్త ప్యానెల్ మీది నల్ల పూత ఒక్కోసారి రవాణా కోసం వేసిందే. దానిపై నేరుగా రంగు వేయొచ్చో లేదో అమ్మేవాళ్లను అడిగే కొనండి.