బెంగళూరులో ఆల్టర్నేటివ్ సంగీతాన్ని వెతికి పట్టుకోవడం ఎలా?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి పాటంటే సినిమా పాటే. అదే ఊళ్లో సినిమాతో పనిలేకుండా సొంతంగా పాటలు కట్టుకునే బృందాలు పాతికేళ్లకు పైగా ఉన్నాయి. వాటిని వినకుండా బెంగళూరు వదిలి వెళ్లడం నిజంగా నష్టమే.

1. కొలత మార్చుకోండి. 1980లలో పెద్ద కంపెనీలు పట్టించుకోని రాక్ బృందాలను అమెరికా కాలేజీ రేడియోలు వినిపించాయి; ఆల్టర్నేటివ్ అన్న పేరు అలాంటి బృందాలకే. 1991లో అమెరికా రాక్ బృందం నిర్వాణా రెండో ఆల్బమ్ పెద్ద కంపెనీ నుంచే వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ మోతను పెద్ద కంపెనీలే అమ్మాయి కాబట్టి, అప్పటి నుంచి గిటారు మోతను బట్టి ఆల్టర్నేటివ్‌ను గుర్తుపట్టడం కుదరదు. ఇవాళ నేను చూసేది ఒక్కటే: పాట ఎలా ఉండాలో పాడేవాళ్లే నిర్ణయించుకున్నారా, లేక ఏదో సన్నివేశం కోసం ఎవరో చెప్పి చేయించారా?

2. ఇక్కడి బృందాలతో మొదలుపెట్టండి. 1996లో పుట్టిన థర్మల్ అండ్ ఎ క్వార్టర్ ఇంగ్లిషులో పాడుతుంది. అగమ్ కర్ణాటక కృతులను ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ మధ్య నిలబెడుతుంది. త్యాగరాజు తెలుగు చెవిన పడగానే మనవాళ్లకు అక్కడ పరాయితనం ఉండదు. రఘు దీక్షిత్‌ను తప్పకుండా వినండి. పంతొమ్మిదో శతాబ్దపు కన్నడ సాధువు శిశునాళ షరీఫ్ తత్వపదాలను ఆయన గిటారు మీద పాడతారు. వీరబ్రహ్మంగారి తత్వాలు విని పెరిగినవారికి కన్నడ అంతగా రాకపోయినా ఆ పదాల ధోరణి అందుతుంది. తెలుగులోనే కావాలంటే హైదరాబాద్ బృందం చౌరస్తా ఉంది.

3. పాట వెనక పేర్లు చదవండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. స్పాటిఫైలో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ తెరిస్తే రాసినవారు, నిర్మించినవారు కనిపిస్తారు. యూట్యూబ్‌లోనైతే వీడియో కింది వివరణ తెరవండి: బేస్ గిటారు ఎవరు వాయించారు, మిక్సింగ్ ఎవరిది అన్నది చాలా బృందాలు అక్కడ రాస్తాయి. ఆ పేర్లలో ఒకదాన్ని వెతకండి, మరో బృందం దొరుకుతుంది. యాప్ తనంతట తాను వినిపించే పాటలు మీరు ఇదివరకు విన్నవాటి చుట్టే తిరుగుతాయి. ఈ పేర్లు మిమ్మల్ని బయటికి తీసుకెళ్తాయి.

4. బ్యాండ్‌క్యాంప్‌లో ఊరి పేరుతో వెతకండి. సంగీతకారులు తమ పాటలను తామే అమ్ముకునే చోటు అది. డిజిటల్ అమ్మకంలో మామూలుగా 15 శాతం సైటు తీసుకుంటుంది, చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది పాట కట్టినవారికే వెళ్తుంది. నచ్చిన పాటను కొనండి. చిన్న బృందానికి ఆ డబ్బు రికార్డింగు ఖర్చు.

5. ప్రత్యక్షంగా వినండి. దొమ్మలూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో చాలా కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం. జేపీ నగర్‌లోని ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ ఒక సంగీత మ్యూజియం. అక్కడ కచేరీలూ జరుగుతాయి, పిల్లలతో వెళ్లవచ్చు. ఇందిరానగర్, కోరమంగల వైపు పబ్బులకు వెళ్లేముందు టికెట్టు, వయసు నిబంధనలు చూసుకోండి. మీరు వెళ్లేది పేరున్న బృందం కోసమే అయినా మొదట్లోనే చేరుకోండి; ముందు వాయించే కొత్తవాళ్లను వినే అవకాశం అప్పుడే. కచేరీ అయ్యాక డ్రమ్స్ సర్దుకుంటున్న మనిషిని పలకరించి, ఇంకా ఏ బృందంలో వాయిస్తారో అడగండి. ఈ ఊళ్లో ఒకే వాయిద్యకారుడు రెండు మూడు బృందాల్లో ఉండటం మామూలే.