గురక పెట్టే షుగర్ పేషెంట్లు ఇది చూసుకోండి
మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా పరగడుపు షుగర్ దిగడం లేదా? పక్కన పడుకునేవాళ్లని అడగండి, గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఆగిపోయి, పది సెకన్లో ఇంకా ఎక్కువో ఊపిరి లేకుండా ఉండి, ఉలిక్కిపడ్డట్టు మళ్లీ గాలి పీల్చుకుంటున్నారేమో. స్లీప్ ఆప్నియా ఉంటే ఇలాగే అవుతుంది. ఊపిరి ఆగినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్లు పెరుగుతాయి, దాంతో లివర్ గ్లూకోజ్ వదులుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు.

ఆ గురకని ఫోన్లో రికార్డు చేసి డాక్టరుకి వినిపించండి, స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్ష) అడగండి. నిద్రలో ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకి 15 సార్లు దాటితే సాధారణంగా సీపాప్ మెషిన్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) రాస్తారు. మొదట్లో మాస్క్ ముక్కు మీద ఒరుసుకుంటుంది, చిరాకేస్తుంది, సైజు మార్పించుకోండి గానీ దయచేసి మూలన పడేయకండి. షుగర్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.