48 నిమిషాల లెక్క: బజర్‌బీటర్‌లో కుర్రాళ్లకు శిక్షణ

బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలో నాకో జట్టుంది. అందులో పొడగరి అని నేను పిలుచుకునే కుర్రాడు ఒకడున్నాడు. ఆరడుగుల పదకొండు అంగుళాలు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు, వచ్చేనాటికి వయసు 18. ఆ సీజన్ అంతా వాడికి శ్రద్ధగా శిక్షణ ఇస్తున్నాననే అనుకున్నాను. తీరా సీజన్ ముగిశాక చూసుకుంటే, 14 వారాల్లో ఐదు వారాలు వాడికి దక్కింది అరకొర శిక్షణే. పూర్తి శిక్షణకు వారానికి 48 నిమిషాలు ఆడాలి. వాడు ఒక వారం 41 నిమిషాలు ఆడాడు, ఒక వారం 44, మరొక వారం 47. ఆ 47 నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. ఒక్క నిమిషం! ఆ రోజే గీతల నోటుపుస్తకం ఒకటి తీశాను. ఇప్పుడు మూడోది నడుస్తోంది.

ఈ ఆటను నాకు చూపించింది మా అబ్బాయి. వాడు రెండు సీజన్లు ఆడి, ఇందులో ఏమీ జరగడం లేదని మానేశాడు. నిజమే, ఇక్కడ బంతి మన చేతిలో ఉండదు. జట్టు జాబితా రాసిపెట్టి, మ్యాచ్ జరిగాక ఏమైందో చదువుకోవాలి. ఖాతాపుస్తకాలు చూసుకోవడం ఇష్టమైన నాబోటి వాళ్లకు ఇంతకంటే మంచి ఆట దొరకదు.

శిక్షణ ఎలా నడుస్తుందో ముందు చెబుతాను. వారానికి ఒక్క అంశమే ఎంచుకోగలం: పాసులు, రీబౌండ్లు (గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడం), బయటి రక్షణ (బుట్టకు దూరంగా ప్రత్యర్థిని ఆపడం), జంప్ షాట్ (ఎగిరి వేసే షాట్), ఇలా ఏదో ఒకటి. దానితోపాటు ఏ స్థానంలో ఆడినవాళ్లకు అది అందాలో కూడా చెప్పాలి. శుక్రవారం ఫలితాలు వస్తాయి. కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. ఫలానా ఆటగాడికి శిక్షణ ఇమ్మని పేరు పెట్టి చెప్పే వీలు లేదు. ఆ వారం ఆ స్థానంలో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారన్నదే లెక్క. 48 నిమిషాలు నిండితే పూర్తి శిక్షణ. అంతకు తగ్గితే కోత. అంతకు మించి 90 నిమిషాలు ఆడించినా అదనంగా దక్కేది ఏమీ లేదు.

మ్యాచ్ 48 నిమిషాలు. వారానికి మూడు మ్యాచ్‌లు: శనివారం, మంగళవారం లీగ్, వారం మధ్యలో కప్పు మ్యాచ్ గానీ స్నేహపూర్వక మ్యాచ్ గానీ. అంటే ఒక స్థానానికి వారానికి 144 నిమిషాలు. దాన్ని 48తో భాగిస్తే ముగ్గురు. ఒక్క స్థానానికే శిక్షణ పెడితే ముగ్గురు వేగంగా ఎదుగుతారు. రెండు స్థానాలకు పెడితే ఆరుగురికి చోటు దొరుకుతుంది కానీ ఒక్కొక్కరి ఎదుగుదల మందగిస్తుంది. జట్టు మొత్తానికి పెడితే ఇంకా నెమ్మది. నేను ఒక్క స్థానమే ఎంచుకుంటాను. ఆరుగురు మధ్యరకం ఆటగాళ్లను తయారు చేసుకోవడం కన్నా, కావలసినవాళ్లను ముగ్గురిని పెంచుకుని, మిగతావాళ్లను బదిలీ మార్కెట్‌లో కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. దీనితో ఏకీభవించనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల జట్లు నాకంటే పై లీగ్‌లోనే ఉన్నాయనుకోండి.

అయితే కాగితం మీద ముగ్గురు సరిపోయినంత హాయిగా మైదానంలో సరిపోరు. 144లో ఒక్క నిమిషం కూడా మిగులు లేదు కదా. ఆరు ఫౌళ్లు చేసి మధ్యలో బయటికి వచ్చేస్తే ఆ కుర్రాడి వారం చెడినట్టే. అందుకే జాబితాలో ప్రధాన ఆటగాడి గడిలో, బదులు గడిలో, ఆ తరువాతి గడిలో కూడా ఒకే పేరు రాయండి. మార్పిడికి కోచ్ చేతిలో మరొక పేరు ఉండదు. ఆటగాళ్లను ఎప్పుడు మార్చాలో కోచ్ ఇష్టానికి వదలకుండా, మీరు రాసిన వరుసనే కచ్చితంగా పాటించమని చెప్పే వీలు కూడా ఉంది. దాన్నీ వాడండి.

శిక్షణ వారం శనివారం మొదలవుతుంది కనుక, మొదటి కుర్రాడిని శనివారమే ఆడించేయడం నా పద్ధతి. వాడికి ఏమైనా తక్కువ పడితే వారం మధ్య మ్యాచ్‌లో పూడ్చవచ్చు. ఇదే మ్యాచ్‌ను ఇంకొక విధంగా పోగొట్టుకున్న అనుభవం కూడా నాకుంది. కప్పు నుంచి బయటపడ్డాక స్నేహపూర్వక మ్యాచ్ మనమే ఎవరితోనైనా మాట్లాడుకుని ఏర్పాటు చేసుకోవాలి. అది మరిచిపోతే 48 నిమిషాలు గాలికి పోతాయి. నా మొదటి నోటుపుస్తకంలో రెండు పుటల మీద ఎర్ర సిరాతో 'మ్యాచ్ లేదు' అని రాసి ఉంది. రెండోది రాసేటప్పుడు కలం కాగితాన్ని చించేసింది.

నిమిషాలకు పైహద్దు కూడా ఉందని గుర్తుంచుకోండి. వారం మొత్తం మీద, ఏ స్థానంలోనైనా సరే, 50 నుంచి 70 నిమిషాల మధ్య ఆడినవాడి ఫామ్ బాగుంటుంది. మూడు మ్యాచ్‌లూ అదేపనిగా ఆడిస్తే ఎంత గొప్పవాడైనా నీరసపడతాడు. శిక్షణ స్థానంలో 48 నిండాక, అవసరముంటే మరో మ్యాచ్‌లో పదిహేను ఇరవై నిమిషాలు వాడుకోండి. అక్కడితో ఆపండి.

ఇక ఎవరిని పెంచాలన్నది. డ్రాఫ్ట్‌లో వచ్చే 18, 19 ఏళ్ల వాళ్లే శిక్షణకు తగినవాళ్లు. ఒక్కో ఏడాది గడిచేకొద్దీ నేర్చుకునే వేగం తగ్గుతుంది. పాతికేళ్లవాడికి శిక్షణ పెట్టడం దాదాపు నిమిషాలు వృథా చేయడమే. వయసు తరువాత చూడవలసినది సామర్థ్యపు హద్దు. ఆటగాడి పుటలో దానికి 'ఆరో ఆటగాడు', 'స్టార్టర్', 'ఆల్‌స్టార్', 'హాల్ ఆఫ్ ఫేమర్' వంటి అర్థం వచ్చే పేరు ఒకటి ఉంటుంది. ఈ హద్దు ఏ ఒక్క నైపుణ్యానికీ విడిగా ఉండదు, అన్నీ కలిపి చూసేది. హద్దు దగ్గరపడ్డాక వారాల తరబడి ఆడించినా మెట్టు ఎక్కడు. మొదట్లో నేను ఇది పట్టించుకోక, చక్కని పాసులిచ్చే కుర్రాడినొకడిని చేరదీసి, వాడి హద్దుకు ఢీకొట్టాక నాలుగు వారాలు మొండిగా కూర్చున్నాను. హద్దుకు కాస్త ఇవతల ఉండగానే శిక్షణ ఆపి ఆ చోటు మరొకరికి ఇవ్వడం తెలివైన పని.

ఎత్తు సంగతి ఆసక్తికరమైనది. పొట్టివాళ్లు బయటి విద్యలు త్వరగా నేర్చుకుంటారు: బంతి పట్టు, పాసులు, దూరం నుంచి షాట్, బయటి రక్షణ. పొడుగువాళ్లు లోపలివి: లోపలి షాట్, లోపలి రక్షణ, రీబౌండ్లు, షాట్లను అడ్డుకోవడం. ఇది చదివి అందరూ చేసే పని ఏమిటంటే, పొడుగువాడికి లోపలివి, పొట్టివాడికి బయటివి గుప్పించడం. నేనూ అదే చేశాను. మొదట్లో వారానికో రెండు వారాలకో ఒక మెట్టు ఎక్కుతుంటే మహదానందంగా ఉంటుంది. తరువాత రెండు చిక్కులు వస్తాయి.

మొదటిది, ఒక్క నైపుణ్యం మిగతావాటిని వదిలి చాలా పైకి పోతే, దాన్ని ఇంకా ఎక్కించడం కష్టమవుతూ వస్తుంది. దానికి చుట్టరికం ఉన్న నైపుణ్యాలు కూడా ఎదిగి ఉంటే తేలికవుతుంది. వెనకబడ్డదాన్ని ముందున్నవి లాగుతాయి. రెండోది జీతం. సీజన్ మారినప్పుడల్లా ఆటగాడి నైపుణ్యాలను బట్టి జీతం కొత్తగా లెక్క వేస్తారు. లోపలి షాట్, లోపలి రక్షణ, రీబౌండ్లు మాత్రమే కొండెక్కి, మిగతావన్నీ నేలమీదే ఉన్న సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగువాడు) జీతం చూస్తే గుండె గుభేలుమంటుంది. పోనీ ఆట అంత బాగుంటుందా అంటే, వాడి చేతికి వచ్చిన బంతి వాడి చేతిలోంచే జారిపోతుంది.

అందుకని ఇప్పుడు వరుస తిప్పేశాను. కష్టమైనవి ముందు, సులువైనవి తరువాత. 18 నుంచి 20 ఏళ్ల మధ్య, నేర్చుకునే వేగం పుష్కలంగా ఉన్నప్పుడు, పొడుగువాడికి పాసులు, బంతి పట్టు, డ్రైవింగ్ (బంతితో బుట్ట వైపు దూసుకెళ్లడం) నేర్పిస్తాను. వాడి ఎత్తుకు సులభంగా వచ్చే లోపలి విద్యలు 21 తరువాత నేర్పినా అందుకుంటాడు. పైగా జీతాన్ని పెంచేవి అవే కాబట్టి, ఆలస్యంగా పెరిగితే అన్ని సీజన్ల జీతం మిగులుతుంది.

దీనికి చెల్లించే మూల్యం మ్యాచ్‌లే. నాలా ఒక్క స్థానానికే పెడితే, పాసుల శిక్షణ అందేది పాయింట్ గార్డ్‌గా, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపేవాడిగా, ఆడినవాడికే. అంటే ఆరడుగుల పదకొండు అంగుళాల మనిషిని బంతి పట్టుకుని మైదానం దాటించమనాలి. పొడగరి అలా ఆడిన మొదటి మ్యాచ్‌లో వాడు పోగొట్టుకున్న బంతులను లెక్కపెట్టడం పన్నెండు దగ్గర ఆపేశాను. మా అబ్బాయి వెనక నిలబడి చూసి, "అమ్మా, నీ సెంటర్ దారి తప్పి అక్కడికి వచ్చాడేమో చూడు" అన్నాడు. ఆ మ్యాచ్ ఘోరంగా ఓడిపోయాం. కాబట్టి సీజన్ మొదలయ్యేటప్పుడే మ్యాచ్‌ల పట్టిక ముందు పెట్టుకుని, బలహీనమైన ప్రత్యర్థులు ఎప్పుడు తగులుతారో గుర్తు పెట్టుకోండి. ఇలాంటి ప్రయోగాలు ఆ రోజుల్లోనూ, స్నేహపూర్వక మ్యాచ్‌లలోనూ చేయండి. తప్పక గెలవవలసిన మ్యాచ్ వస్తే అసలైన పాయింట్ గార్డ్‌నే దించండి. ఆ వారం ముగ్గురికి బదులు ఇద్దరితో సరిపెట్టుకోవాలి.

ట్రైనర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఏడు స్థాయిలున్నాయి. పై స్థాయివాడు వేగంగా నేర్పుతాడు, ఎక్కువ జీతం తీసుకుంటాడు. నేను ఐదో స్థాయి దాటలేదు. వారాలు సరిగా నిండకుండా ఏడో స్థాయివాడిని పెట్టుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఓపిక (అలసిపోకుండా ఆడే శక్తి), ఫ్రీ త్రోల (ఫౌల్‌కు బదులుగా దక్కే షాట్లు) శిక్షణకు స్థానంతో పని లేదు, జట్టు మొత్తానికీ అందుతుంది. సీజన్ చివర వరుసగా గట్టి మ్యాచ్‌లు ఉండి కుర్రాళ్లకు చోటు దొరకని వారంలో ఓపిక శిక్షణ పెట్టేస్తాను. మామూలు వారాన్ని మాత్రం దీనికి ఖర్చు చేయను.

ఒక మాట మరిచాను. తెరమీద కనిపించేవి పూర్ణాంకాలే, మధ్యలోని భిన్నాలు దాచి ఉంటాయి. రెండు మూడు శుక్రవారాలు ఏ మార్పూ కనిపించలేదని అంశం మార్చేయకండి. ఏ అంశం ఎన్ని పూర్తి వారాలు పెట్టారో రాసుకుంటే, తరువాతి మెట్టు ఎప్పుడొస్తుందో మీకే అంచనా దొరుకుతుంది.

పొడగరికి ఇప్పుడు 20 ఏళ్లు. ఈ వారం పుట నా ముందే ఉంది. శనివారం వాడు 39 నిమిషాలకే ఆరు ఫౌళ్లతో బెంచ్ మీద కూర్చున్నాడు. మంగళవారం ప్రత్యర్థి గట్టివాడు, అక్కడ వాడిని పాయింట్ గార్డ్‌గా దించలేను. వారం మధ్య మ్యాచ్‌లో ఆట మొదలుపెట్టేది వాడే, బదులు గడిలో మరో కుర్రాడి పేరు రాశాను. కావలసింది ఇంకా 9 నిమిషాలు. కప్పులో ఎప్పుడో ఓడిపోయాం కదా, స్నేహపూర్వక మ్యాచ్ మాట్లాడుకున్నానా లేదా అని ఇది రాస్తూ మధ్యలో లేచి రెండుసార్లు చూసుకున్నాను. మాట్లాడుకున్నాను.