చిన్న విమానం ఎక్కే ముందు పైలట్‌ను కూడా చూసుకోండి

ఇంజిన్, ఇంధనం, రెక్కలు అన్నీ తనిఖీ చేస్తారు. నడిపే మనిషిని తనిఖీ చేసేవాళ్లు మాత్రం తక్కువ. సొంత చిన్న విమానాల్లో రెండో పైలట్ చాలాసార్లు ఉండడు, పొరపాటును సరిదిద్దే చెయ్యి మరొకటి ఉండదు.

మీరే పైలటైతే:

- అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధన ప్రకారం మద్యం తాగాక 8 గంటలు గడవాలి, రక్తంలో ఆల్కహాల్ 0.04 శాతం లోపు ఉండాలి. ఇది కనీస హద్దు మాత్రమే. గట్టిగా తాగితే 8 గంటలు చాలవు. 24 గంటలు ఆగమని ఎఫ్‌ఏఏనే సలహా ఇస్తుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం నిద్రమత్తు వదిలిస్తాయేమో గానీ ఆల్కహాల్‌ను తగ్గించవు. హ్యాంగోవర్ ఉన్నా ఎగరొద్దు.
- జలుబు మాత్రలు. వీటినే ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు. అలర్జీ, నిద్ర మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ వేసుకుంటే 60 గంటలు ఆగాలని ఎఫ్‌ఏఏ చెబుతుంది. మందు డబ్బా మీద మగత వస్తుందని రాసి ఉంటే దాని ప్రభావం పూర్తిగా పోయేదాకా విమానం నడపొద్దు.
- నిద్ర చాలలేదా? ఇంట్లో గొడవ, టెన్షన్ ఉందా? అవీ లెక్కలోకి వస్తాయి.

ప్రయాణికులైతే మాట తడబాటు, వాసన, తూలడం, తనిఖీ జాబితా చదవకుండా తొందరపడటం గమనించండి. అనుమానం వస్తే మొహమాటపడకుండా దిగిపోండి. పైకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గి మత్తు ప్రభావం ఇంకా పెరుగుతుంది. పైలట్ స్నేహితుడైతే ఈ మాట చెప్పడం కష్టమే. అయినా తాళాలు తీసుకుని, విమానాశ్రయ సిబ్బందికి చెప్పండి.